అతికించని బొమ్మ కోసం: జగిత్యాల నుంచి సిరిసిల్ల దాకా

ఇంటికొచ్చి పక్షం రోజులైంది. "అంత దూరం వెళ్లావు కదా, ఏం తెచ్చావు?" అని షాపుకొచ్చిన ప్రతివాడూ అడుగుతున్నాడు. ఒక్కొక్కరికీ మొదటి నుంచీ చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నాను.

నాకు ఏలూరులో ఫొటోలకు ఫ్రేములు కట్టే షాపుంది. దేవుళ్లకు, పోయిన పెద్దలకు, కొత్త పెళ్లిజంటలకు కడతాను. నా సొంతానికి మాత్రం గోడల మీద బొమ్మలు వేసేవాళ్లు అచ్చు తీసిన ప్రింట్లు పోగుచేస్తాను. ఫలానా సంఖ్యలో తీసి, నెంబరు వేసి, ఇక తీయబోమని అచ్చు తీసే తెర కడిగేస్తారు చూడండి, ఆ రకం. ఈ పిచ్చి గురించి మా ఆవిడ అభిప్రాయం ఇక్కడ రాయడం బాగుండదు.

రెండేళ్ల కిందట జగిత్యాల నుంచి మామిడికాయలు తెచ్చిన లారీ డ్రైవరు ఒకతను, బుట్టలో అడుగున పరిచిన కాగితం తీసి "ఇది ఫ్రేము కట్టు" అన్నాడు. పసుపు, కుంకుమ రంగుల్లో అచ్చు వేసిన ఎద్దుబండి. బండిలో జనం, జనం నోళ్లన్నీ తెరిచి ఉన్నాయి. కింద రాజేశం, జగిత్యాల అని ఉంది. ఫోను నెంబరు సంపాదించి, లారీల మీద తెప్పించుకుంటూ అతని బొమ్మలు ఆరు కూడబెట్టాను. ఏడోది, చెయ్యెత్తిన ఆడమనిషి బొమ్మ, రాలేదు. అడిగినప్పుడల్లా "సూద్దామన్నా" అనేవాడు. చూసీ చూసీ, ఈ రెండువేల పది చలికాలంలో నేనే బయల్దేరాను.

జగిత్యాల

దిగేసరికి బంద్. తెలంగాణ ఉద్యమం ముమ్మరంగా ఉంది కదా. నేను ఎక్కడికి వెళ్లినా నాకంటే ముందు బంద్ వెళ్లి కూర్చునేది. చంకలో మూరెడున్నర అట్ట గొట్టం, బొమ్మ దొరికితే చుట్టి పెట్టుకోవడానికి. పెళ్లికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు దాన్ని మోసుకుంటూ, మూసిన షట్టర్ల మధ్య రాజేశం దుకాణం వెతుక్కున్నాను.

రాజేశం వాళ్ల నాన్న తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడట. రాజేశం ఆ పని వదిలి సైన్‌బోర్డులు రాయడం, పెళ్లికార్డులు అచ్చువేయడం పెట్టుకున్నాడు గానీ, చెట్టెక్కే మోకు మాత్రం వదల్లేదు. నీళ్ల ట్యాంకు స్తంభానికి మోకు చుట్టి, తాటిచెట్టు ఎక్కినట్టే ఎక్కి, నడుం వెనక్కి వాల్చి బొమ్మ వేస్తాడు. ఉద్యమం బొమ్మలు కాబట్టి, కింద వేసినవాటికి తెల్లారేసరికి సర్కారు సున్నం పడుతుంది. పైన వేస్తే నాలుగు రోజులు ఆగుతుంది, ఎందుకంటే సున్నం కొట్టేవాళ్ల దగ్గర మోకు లేదు. అది కూడా పోయాక అదే బొమ్మను తెర మీద కట్టి, పెళ్లికార్డులకు వాడగా మిగిలిన రంగుతో అచ్చు తీస్తాడు. నేను మురిసిపోయిన ఆ పసుపు, కుంకుమ రంగుల రహస్యం అదీ.

"చెయ్యెత్తిన ఆమె బొమ్మ పదిహేనే ఎందుకు తీశారండీ?" అని భక్తిగా అడిగాను.

"గంతకే రంగొడిసిందన్నా."

"మరి నెంబర్లు?"

"నువ్వే గద ఫోన్ల చెప్పింది, నంబరేస్తె మంచిగుంటదని."

శంఖంలో పోస్తేగానీ తీర్థం కాదంటారు. ఆ శంఖం కూడా నేనే ఫోనులో అందించానన్నమాట. సరే, ఆ పదిహేనూ ఎక్కడున్నాయని అడిగాను. చెప్పడం మొదలుపెట్టాడు. ఒకటి చాయ్ హోటల్లో అతికించారు. ఒకటి సైకిల్ షాపులో. ఒకటి ఎవరిదో వడ్లు నిలవచేసే గుమ్మికి. నాలుగు బస్టాండు గోడకి, వాటి మీద సినిమా పోస్టర్లు. అన్నీ అతికించారు.

"దాచుకోమని చెప్పలేదా?"

"పోస్టరంటే అతికిచ్చెటందుకే గదన్నా. దాసుకుంటే ఎవలకు కనవడ్తది?"

వాళ్లావిడ పల్లీలు, నువ్వులు వేసి కాల్చిన సర్వపిండి పెట్టింది. మా తపాలా రొట్టెకు దూరపు చుట్టం, కాకపోతే కారం ఎక్కువ. కళ్లనీళ్లు పెట్టుకుంటూ మూడు తిన్నాను. ఆ కళ్లనీళ్లలో కొన్ని మాత్రమే కారానివి.

అప్పుడు రాజేశం తల వంచుకుని అసలు సంగతి చెప్పాడు. ఆ బొమ్మలో ఉన్నది నిజంగా ఉన్న మనిషే. కోరుట్ల పక్క ఊళ్లో బీడీలు చుట్టే నర్సవ్వ. కోరుట్లలో ట్యాంకు స్తంభం మీద ఉండగా రోడ్డు మీద చెయ్యెత్తిన ఆమె కనిపించింది, వేసేశాడు. అంతటితో ఊరుకోక చాయ్ తాగుతూ "గామె ఫలానా నర్సవ్వ" అని నోరు జారాడు. ఆ మాట పోలీసుల దాకా పోయింది. ఇప్పుడామెను బైండోవరుకు పిలిచారు. అంటే, ఇక మీద గొడవల్లోకి పోనని తహసీల్దారు ముందు పూచీకత్తు రాసివ్వాలి. రాసిచ్చిన మరుక్షణం, ఆమె చేత బీడీలు చుట్టించే ఠేకేదారు ఆమె కార్మికుల కార్డు తీసేస్తానన్నాడు. కార్డు పోతే పీఎఫ్ లేదు, పింఛను లేదు, ఆసుపత్రి లేదు.

"ఆమె మొకం జూడ నాకు మొకం లేదన్నా," అన్నాడు. కోరుట్లలో క్షవరం చేసే సాయిలు దగ్గర ఒక ప్రతి ఉందనీ, అది కావాలంటే నేనొక్కణ్నే వెళ్లాలనీ తేల్చేశాడు.

దారిలో

నేనెక్కిన జీపు కోరుట్ల చేరకుండానే ఆగింది. రోడ్డుకడ్డంగా పొయ్యిలు. వంటావార్పు. దారి ఆపి, ఆ దారి మీదే వండుకు తినడం అక్కడి నిరసన పద్ధతి. మా వైపు కోపమొస్తే తిండి మానేసి పడుకుంటారు. వీళ్లు వండి, తాము ఆపినవాళ్లకు కూడా పెడతారు. మనిషిని ఆపేసి, తిట్టుకునే అవకాశం కూడా లేకుండా విస్తరి వెయ్యడం ఎంత అన్యాయమో అనుభవిస్తేగానీ తెలియదు.

కాపలాకున్న కానిస్టేబుల్ నా గొట్టాన్ని చూసి "ఏందిది?" అన్నాడు. మూత తీసి చూపించాను. అవతలి వైపు నుంచి ఒక కన్నుతో నన్ను చూసి, "ఏం లేదు గద," అన్నాడు. ఏమీ లేకపోవడమే నా బాధ అని అతనికి ఎలా చెప్పను.

భోజనాల పంక్తిలో నా పక్కన కూర్చున్న పెద్దాయన "ఏ ఊరన్నా మీది?" అని అడిగాడు. ఏలూరండి అన్నాను. పంక్తిలో తలలన్నీ నావైపు తిరిగాయి. ఆయన నా విస్తట్లో ఇంకో గరిటె అన్నం వేసి, "అయితేంది, ఆకలి అందరికైతది. తిను," అన్నాడు. అన్నంలోకి పచ్చిపులుసు పోశారు. మేం పులుసంటే పొయ్యి మీద మరిగించి మరిగించి చంపుతాం. వీళ్లు చింతపండు పిసికి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి నలిపి, నిప్పు చూపించకుండా పోసేస్తారు. చెప్పకూడదు గానీ, మళ్లీ అడిగి పోయించుకున్నాను.

కోరుట్ల

సాయిలు షాపులో బొమ్మ ఉంది. అద్దం పక్కనే ఉంది. అద్దం అంచు ఆమె ముఖం మీదుగా పోయింది. మైదాపిండిలో మైలుతుత్తం కలిపి, పురుగు కూడా ముట్టకుండా అతికించాడు మహానుభావుడు.

నేను ఫ్రేములు కట్టేవాణ్ని. అతికిన కాగితాన్ని ఊడదీయడం నాకు తెలుసు. తడిగుడ్డ పెట్టాను, వేడినీళ్ల ఆవిరి పట్టాను, బ్లేడు దూర్చాను. తల నా చేతిలోకి వచ్చి పిండిపిండి అయింది. ఎత్తిన కుడిచెయ్యి ఒక్కటి గోడ మీద ఉండిపోయింది.

"బొమ్మ పాయె, సున్నం పాయె. ఇగ సంతోషమేనా?" అన్నాడు సాయిలు. మొహమాటానికి, పొద్దున గీసుకున్న గడ్డమే మళ్లీ గీయించుకున్నాను. తెగింది.

నర్సవ్వను వెతుక్కుంటూ వాళ్ల ఊరు వెళ్లాను. యాభై ఏళ్లుంటాయి. వాకిట్లో చాట ఒళ్లో పెట్టుకుని, తునికాకులో తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి పడేస్తోంది. ఆ వేగానికి చూపు ఆనదు. రాజేశం బొమ్మ కోసం వచ్చానని చెప్పాను. అది చెప్పకూడని మాట.

"వాని చేతులిరగ. నేనొక్క మీటింగుకు పోయింది లేదు నాయినా. పోతె ఈ వెయ్యి బీడీలెవలు చేస్తరు? గా దినం పని మీద జగిత్యాల పోదామని బస్సుకు చెయ్యి వట్టిన. గంతే. గా బస్సు ఆగకపాయె, గీ కేసు ఆగకపాయె."

"బొమ్మ చూశారా మీరు?"

"ఏడ సూసిన? నేను పొయ్యెటాలకు ట్యాంకుకు సున్నం గొట్టిన్రు. సాయిలు దుకాణంల ఆడోళ్లమేం పనికి పోతం? ఊరంత సూసిన్రు, నేను తప్ప. పిల్లలు పోస్టరవ్వ అంటున్నరు. ఇజ్జతు పోయినంక సూసేదేముంది?"

బీడీ అందుకుంటున్న ఆమె కుడిచెయ్యి అప్పుడు చూశాను. ఉంగరం వేలు లేదు. మక్కలు, అంటే మొక్కజొన్నలు, ఒలిచే మిషన్లో పోయిందట, మూడేళ్లయింది. సాయిలు గోడ మీద మిగిలిన చెయ్యి కళ్లకు కట్టింది. గంటసేపు దాన్ని గీకినవాణ్ని నేనే కదా. దానికి ఐదు వేళ్లున్నాయి.

"అమ్మా, బొమ్మలో చేతికి ఐదు వేళ్లున్నాయండీ. అది మీరు కాదని చెప్పడానికి అదొక్కటీ చాలు."

ఆమె చేతిలో బీడీ ఆగిపోయింది. "నిజమేనా? ఒట్టు?" అంది. సోమవారం తహసీల్దారు ముందు నిలబడాలట. బొమ్మ తీసుకెళ్లి చూపిస్తే బైండోవరు తప్పుతుంది, కార్డు నిలుస్తుంది. సాయిలు గోడను మాత్రం ఆఫీసుకు మోసుకుపోలేం. రాజేశానికి ఫోను చేసి, ఆ పదిహేనులో అతికించనిది ఒక్కటైనా లేదా అని అరిచాను. కాసేపు ఆలోచించి, కాగితాలు అయిపోతే ఆఖరిది బట్ట మీద కొట్టాననీ, ఆ బట్ట ఇచ్చిన సిరిసిల్ల శంకరయ్యకే అది ఇచ్చాననీ చెప్పాడు. ఈ మాట జగిత్యాలలోనే చెప్పి ఉంటే నా గడ్డం తెగేది కాదు.

"తెస్తాను. సోమవారం చూపిస్తాను. పనయ్యాక బొమ్మ నేను తీసుకుపోతాను," అని నర్సవ్వతో ముందే ఒప్పందం చేసుకున్నాను. పుణ్యమూ, ఏడో బొమ్మా రెండూ కలిసొస్తున్నాయని నా లెక్క.

"నీ బొమ్మ నాకెందుకు నాయినా. నా కార్డు నిలవడ్తె చాలు," అంది.

సిరిసిల్ల

రుద్రంగి మీదుగా, వేములవాడ దాటి సిరిసిల్ల. ఊళ్లోకి రాకముందే మరమగ్గాల చప్పుడు ఎదురొచ్చింది. వాటిని అక్కడ సాంచాలంటారు. శంకరయ్య షెడ్డులో సాంచాల మధ్య నిలబడి నేను అరిచాను. "బొమ్మ" అన్నాను, ఆయన తలూపి సోడా తెప్పించాడు. "రాజేశం" అన్నాను, ఇంకో సోడా వచ్చింది. కడుపు ఉబ్బిపోయి నేను చేతులెత్తేసిన సమయానికి కరెంటు పోయింది. ఊరంతా ఒక్కసారిగా నోరు మూసుకుంది. కరెంటు కోతకు దణ్ణం పెట్టుకోవడం నా జీవితంలో అదే మొదటిసారి.

"గా బట్టనా? ఇంట్ల ఉంటది. మా పద్మకు తెలుసు," అన్నాడు.

ఇంట్లో ఉంది. టీవీ మీద ఉంది. శంకరయ్య భార్య పద్మ దానికి చుట్టూ లేసు కుట్టి, టీవీకి తొడిగింది. బొమ్మలోని ఆమె ముఖం టీవీ వెనక్కి, గోడవైపుకు తిరిగి ఉంది. ఎత్తిన చెయ్యి పైన పడుకుని ఉంది. దాని మీద ప్లాస్టిక్ పూలకుండీ.

"మంచిగున్నదా అన్నా? పండుగ పండుగకు ఉతుకుత. ఇంత సుత రంగు పోలే," అంది గర్వంగా.

ఉతుకుతుందట. నేను కుర్చీ వెతుక్కుని కూర్చున్నాను. నా ప్రింట్లను నేను గాలి తగలకుండా, ఎండ పడకుండా, చేతి చెమట అంటకుండా దాచుకుంటాను. నెంబరు ఎక్కడుందమ్మా అంటే, అడుగున ఏవో అంకెలుంటే బాగాలేవని లోపలికి మడిచి కుట్టేశానంది.

బతిమాలాను. కొంటానన్నాను. "టీవీకి దుమ్ము వడదా మరి?" అని అడిగింది. న్యాయమైన ప్రశ్నే. చివరికి నా సంచిలోంచి కొత్త దుప్పటి తీసి ఇచ్చాను. చలికాలమని ఏలూరు బజార్లో ఏరి కొనుక్కున్న దుప్పటి. ఆమె దాన్ని వేళ్ల మధ్య నలిపి చూసి, మొగుణ్ని పిలిచి, "గిది మన సాంచల మీదిదే గద?" అంది. శంకరయ్య కూడా నలిపి చూసి అవునన్నాడు. అంత దూరం నుంచి వాళ్ల బట్ట వాళ్లకే మోసుకొచ్చి ఇచ్చి, ఆ రాత్రి వాళ్లింట్లో గోనెపట్టా కప్పుకుని పడుకున్నాను.

గొట్టంలో మాత్రం బొమ్మ ఉంది. ముఖం నేను సరిగా చూసింది కూడా అప్పుడే. మంచి బొమ్మ. అంతకన్నా ఏమీ రాయను, రాస్తే మళ్లీ బాధ.

మళ్లీ కోరుట్ల

సోమవారం మండలాఫీసు వరండాలో నర్సవ్వ ఉతికిన చీర కట్టుకుని కూర్చుంది. దూరంగా వేపచెట్టు చాటున రాజేశం. ఎంత సిగ్గుపడ్డా, ఉండబట్టలేక వచ్చాడు. "ఏది, సూపెట్టు నాయినా," అని నర్సవ్వ గొట్టానికి చెయ్యి చాపింది. తంబాకు చెయ్యి. లోపల చూద్దురుగానిలెండి అని పక్కకు జరిపాను.

తహసీల్దారు అలిసిపోయిన మనిషి. బల్ల నిండా ఇలాంటి కాగితాలే. సంగతి చెప్పి, బొమ్మను ఆయన బల్ల మీద పరిచాను. ఆయన చాలాసేపు చూశాడు. నర్సవ్వ చెయ్యి చాపమన్నాడు. చూశాడు. ఆయన ముఖంలో భారం దిగినట్టయింది, ఒక కాగితమన్నా తగ్గుతోంది కదా.

"ఇందులో అయిదు వేళ్లున్నయి. నీకు నాలుగే. ఈమె నువ్వు కాదు. అంతే గదమ్మా?"

జవాబు కూడా ఆయనే అందించాడు. అవునంటే అయిపోయింది. నర్సవ్వ బల్ల మీదికి వంగి బొమ్మనే చూస్తోంది. నుదుటి దగ్గర, కళ్ల దగ్గర, దవడ దగ్గర రాజేశం తీసిన గీతల వెంట ఆమె కళ్లు మెల్లగా నడుస్తున్నాయి. మోచేతి మీద జారిన చీరకొంగు దగ్గర కాసేపు ఆగాయి. నేను వెనక నుంచి ఆమె భుజం తట్టాను. "చెప్పమ్మా."

"నేనే సారూ," అంది.

తహసీల్దారు కళ్లద్దాలు తీశాడు. "సరిగ చూసి చెప్పు. వేళ్లు..."

"వేలు పోకముందు నా చెయ్యి గట్లనే ఉంటుండె. నేనే."

ఆ తర్వాత అంతా తొందరగా జరిగిపోయింది. గుమాస్తా కాగితం ముందుకు తోశాడు, ఆమె వేలిముద్ర వేసింది. సాక్ష్యమని చెప్పి అటెండరు నా బొమ్మను మడతలు పెట్టి, ఆ మూల ఈ మూల గుచ్చి, ఫైలుకు ట్యాగు కట్టేశాడు. అది నాదండీ అన్నాను. "మీకు, ఈమెకు ఏం సంబంధం?" అని అడిగారు.

బయటికొచ్చాక నాకు ఒళ్లు మండిపోయింది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను, ఆమె మీద అరిచాను. "కాదు అనే ఒక్క మాటకు ఏం పోయిందమ్మా? మీ కార్డు పోయింది. నా బొమ్మ పోయింది. ఎందుకొచ్చిన గొడవ ఇది?"

నర్సవ్వ కొంగుతో ముఖం తుడుచుకుంది. ఏడుస్తోందనుకున్నాను, కాదు. "కార్డు సంగతి నాకు ఎరికలేకనా నాయినా," అంది. "పెనిమిటి జూసిండు, కొడుకులు జూసిన్రు, సేటు జూసిండు. గంత ఇగురంగ, గీత గీత కాడ ఆగి, నన్నెవలు జూసిన్రు చెప్పు? గా మొకాన్ని వట్టుకొని నాది గాదని ఎట్లంట?"

వేపచెట్టు చాటున ఉన్న రాజేశం ముందుకొచ్చాడు. ఆమె అతణ్ని చూసింది. తిడుతుందనుకుని తల వంచుకున్నాడు. "తిన్నవా, బిడ్డా?" అని మాత్రం అడిగింది.

నిన్న రాజేశం ఫోను చేశాడు. ఠేకేదారు అన్నంత పనీ చేశాడట, కార్డు తీసేశాడు. ఇప్పుడు కూలికి పోతోందట. మరేమంటోంది అని అడిగాను.

"ఏమంటది. మొన్న కోరుట్లల మీటింగు పెడితె ముంగట్నే కూసున్నది. కొట్లాటకు ఎవలెవలు తయారుగున్నరని మైకుల అడిగిన్రు. అందరికన్న ముందు లేసిన చెయ్యి ఆమెదే."